జీఎక్స్‌కూ జీవైకీ మధ్య మిగిలిన ఖాళీ

మొబైల్ డేటా పనిచేయడం లేదన్న ఫిర్యాదు పాలసీ బృందం దగ్గరకు వచ్చినప్పుడు సాధారణంగా జరిగేది ఇది. ఒకరు జీఎక్స్ ట్రేసు, అంటే గేట్‌వేకూ పాలసీ నిర్ణయ కేంద్రానికీ మధ్య నడిచిన సందేశాల రికార్డు, తెరుస్తారు. సెషన్ మొదట్లో సీసీఆర్ అనే అభ్యర్థన వెళ్లింది, విజయాన్ని సూచించే 2001 ఫలితంతో సీసీఏ అనే జవాబు వచ్చింది, అందులో రూల్సు కూడా ఉన్నాయి, కాబట్టి తమ వైపు అంతా సవ్యంగానే ఉందని రాసి టికెట్‌ను చార్జింగ్ బృందానికి పంపిస్తారు. వాళ్లు గేట్‌వేకూ చార్జింగ్ వ్యవస్థకూ మధ్య నడిచిన జీవై ట్రేసు తెరిచి, అక్కడా 2001 చూసి, తమ వైపూ లోపమేమీ లేదని తిప్పి పంపిస్తారు. టికెట్ ఇలా అటూ ఇటూ తిరిగాక ఎవరో ఒకరు రెండు ట్రేసులనూ పక్కపక్కన పెట్టి, సమయాలు సరిచూసుకుంటూ చదివితే గానీ అసలు సంగతి బయటపడదు. పాలసీ అండ్ చార్జింగ్ కంట్రోల్, అంటే అందరూ పొట్టిగా పీసీసీ అనేది, పేరుకు ఒకే వ్యవస్థ అయినా సిగ్నలింగ్ స్థాయిలో అది ఒకదాని మాట మరొకదానికి వినిపించని రెండు మూడు సంభాషణల సముదాయమనీ, లోపాల్లో ఎక్కువ భాగం ఆ సంభాషణల లోపల కాక వాటి మధ్య దొరుకుతాయనీ నా అభిప్రాయం.

ఈ ఎడానికి ఒక చరిత్ర ఉంది. మొబైల్ నెట్‌వర్కులకు 3జీపీపీ అనే సంస్థ రాసే ప్రమాణాల ఐదో విడుదలలో ఐఎంఎస్ సేవల (ఐపీ మీద నడిచే కాల్స్ వంటివి) కోసం జీఓ ఇంటర్‌ఫేసు ద్వారా పాలసీ నియంత్రణ మొదలైంది. ఆరో విడుదలలో ట్రాఫిక్ ప్రవాహాల వారీగా చార్జింగ్ చేసే పద్ధతి వేరొక దారిలో వచ్చింది. అప్పట్లో పాలసీ నిర్ణయించే ఫంక్షన్ ఒకటి, చార్జింగ్ రూల్సు నిర్ణయించే ఫంక్షన్ మరొకటి. ఏడో విడుదలలో 23.203 పత్రం ఈ రెంటినీ కలిపి పీసీఆర్ఎఫ్ అనే ఒకే నిర్ణయ కేంద్రాన్ని తయారు చేసింది. అయితే కలిసింది నిర్ణయం మాత్రమే. వినియోగదారుడి ఖాతాలో ఎంత మిగిలిందో లెక్క చూసే ఓసీఎస్, అంటే ఆన్‌లైన్ చార్జింగ్ సిస్టమ్, ఆ కలయికకు బయటే ఉండిపోయింది. ఏం చేయాలో చెప్పేవారు ఒకరు, డబ్బు పెట్టె తాళం చెవి ఉన్నది మరొకరి దగ్గర, ఇద్దరి మాటా విని పని నడపాల్సింది మూడోవారు అన్నట్టుగా, పీసీఆర్ఎఫ్‌తో జీఎక్స్ మీద, ఓసీఎస్‌తో జీవై మీద మాట్లాడే బాధ్యత ప్యాకెట్ గేట్‌వే మీద పడింది.

రెండు ఇంటర్‌ఫేసులూ డయామీటర్ ప్రోటోకాల్ మీదే నడుస్తాయి, రెండూ 272 నంబరు కమాండ్‌నే వాడతాయి, రెంటిలోనూ అభ్యర్థన పేరు సీసీఆర్, జవాబు పేరు సీసీఏ. ఈ పోలిక చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. జీవైకి ఆధారం 2005లో వచ్చిన 4006 నంబరు ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం). దాని స్థానంలో 2019లో 8506 వచ్చింది. అది నిజంగా క్రెడిట్ నియంత్రణ కోసమే రాసినది. జీఎక్స్ మాత్రం ఆ కమాండ్ రూపాన్ని అరువు తెచ్చుకుంది గానీ, దానిలో క్రెడిట్ అనే భావనే లేదు. అప్లికేషన్ ఐడీ చూడకుండా కేవలం 272తో ఫిల్టర్ పెట్టి ట్రేసు చదివితే రెండూ కలగాపులగమవుతాయి. జీవైకి 4, జీఎక్స్‌కు 16777238, కాల్స్ వైపు నుంచి పీసీఆర్ఎఫ్‌కు వచ్చే ఆర్‌ఎక్స్‌కు 16777236 అని గుర్తుంచుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది. సెషన్ ఐడీలు కూడా దేనికదే. ఒకే వినియోగదారుడి ఒకే డేటా సెషన్‌కు ఈ మూడింటి మీదా మూడు వేర్వేరు సెషన్ ఐడీలు ఉంటాయి కాబట్టి, వాటిని జోడించాలంటే ఐఎంఎస్‌ఐ (సిమ్ గుర్తింపు సంఖ్య), కేటాయించిన ఐపీ అడ్రసు, ఏపీఎన్ పేరు, చార్జింగ్ ఐడీ వంటి వాటి మీదే ఆధారపడాలి.

సెషన్ ఏర్పడే క్రమాన్ని చూద్దాం. గేట్‌వే మొదట పీసీఆర్ఎఫ్‌కు సీసీఆర్ పంపి రూల్సు తెచ్చుకుంటుంది. ప్రతి రూలులో ఏ ప్రవాహానికి అది వర్తిస్తుందో, దాని ప్రాధాన్య సంఖ్య ఎంతో (చిన్న సంఖ్య ఉన్న రూలును ముందుగా సరిపోల్చాలి), ఏ క్యూసీఐ (సేవా నాణ్యత తరగతి), ఏఆర్‌పీ (వనరుల కేటాయింపులో ప్రాధాన్యం) వాడాలో, ఏ రేటింగ్ గ్రూపు (ఒకే లెక్కలోకి వచ్చే ట్రాఫిక్‌కు ఇచ్చిన సంఖ్య) కింద లెక్క వేయాలో, ఆన్‌లైన్ చార్జింగ్ అవసరమో కాదో ఉంటుంది. ఆన్‌లైన్ అవసరమన్న రూలు ఉంటే, దాని రేటింగ్ గ్రూపును పట్టుకుని గేట్‌వే ఓసీఎస్ దగ్గరకు వెళ్లి కోటా అడుగుతుంది. ఇక్కడే మొదటి అతుకు కనిపిస్తుంది. రేటింగ్ గ్రూపు 100 అని పీసీఆర్ఎఫ్‌లో రాసినవారు ఒక బృందం, 100 అంటే ఏ ప్లానో ఓసీఎస్‌లో రాసినవారు మరో బృందం. ఆ సంఖ్యకు అర్థం ఏ ప్రమాణంలోనూ లేదు. రెండు కాన్ఫిగరేషన్లు ఒకే అర్థం పట్టుకున్నాయన్న నమ్మకం మీదే అంతా నడుస్తుంది. ముందుగా గేట్‌వేలో రాసిపెట్టి పేరుతో మాత్రమే పిలిచే రూల్సు విషయంలో పరిస్థితి కాస్త మెరుగు, ఎందుకంటే పేరు కలవకపోతే గేట్‌వే రూలు పేరు తెలియదన్న వైఫల్య కోడును పీసీఆర్ఎఫ్‌కు పంపుతుంది, లోపం వెంటనే కనబడుతుంది. రేటింగ్ గ్రూపు తప్పయితే అంత స్పష్టంగా తెలియదు. ఓసీఎస్‌లో ఆ సంఖ్యకు వేరే ప్లాను ఉంటే ఎవరూ ఏ ఎర్రరూ ఇవ్వరు, లెక్క మాత్రం తప్పు ఖాతాలో పడుతూ ఉంటుంది.

మొదట చెప్పిన టికెట్ కథలో చార్జింగ్ బృందం చూసిన 2001 ఎక్కడిదో కూడా చెప్పాలి. జీవై జవాబులో ఫలితం రెండు చోట్ల ఉంటుంది: మొత్తం సందేశానికి ఒకటి, రేటింగ్ గ్రూపుల వారీగా ఉండే ఎంఎస్‌సీసీ భాగాల్లో ఒక్కోదానికి ఒక్కొక్కటి. బయటి ఫలితం 2001 అంటే ఓసీఎస్ ఆ అభ్యర్థనను సరిగ్గా అందుకుని జవాబిచ్చిందని మాత్రమే అర్థం. లోపల రేటింగ్ గ్రూపు 100కు 4012 ఉండవచ్చు. అంటే క్రెడిట్ పరిమితి అయిపోయింది. లేదా 5031 ఉండవచ్చు. అంటే రేటింగ్ చేయడమే కుదరలేదు. అదే జవాబులో వేరే రేటింగ్ గ్రూపుకు కోటా చక్కగా మంజూరై ఉండవచ్చు కూడా. అందుకే ఒక యాప్ నడుస్తూ మిగతావి ఆగిపోయాయన్న ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ముందుగా చూసేది ఈ లోపలి ఫలితాన్నే. చాలా మానిటరింగ్ పరికరాలు బయటి కోడును మాత్రమే లెక్కించి, విజయ శాతాన్ని అందమైన గ్రాఫుగా చూపిస్తాయి. ఆ గ్రాఫు పచ్చగా ఉన్నంత మాత్రాన వినియోగదారుడికి డేటా అందుతోందని నమ్మడానికి వీల్లేదు.

కోటా మంజూరయ్యాక జరిగేదాన్ని కొంచెం దగ్గరగా చూడటం అవసరం. ఉదాహరణకు ఓసీఎస్ 50 మెగాబైట్లు ఇచ్చి, థ్రెషోల్డ్ 10 మెగాబైట్లు, అంటే అంత మిగిలినప్పుడు మళ్లీ అడగాలి అని చెప్పిందనుకుందాం. 40 మెగాబైట్లు వాడగానే గేట్‌వే సీసీఆర్ అప్‌డేట్ పంపి, వాడినదెంతో చెప్పి, కొత్త కోటా అడుగుతుంది. జవాబు వచ్చేలోపు మిగిలిన 10 మెగాబైట్లతో ట్రాఫిక్ సాగుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో డౌన్‌లోడ్ చేస్తున్న ఫోనుకు ఆ 10 మెగాబైట్లు సరిగ్గా 0.8 సెకన్లలో అయిపోతాయి. ఓసీఎస్ జవాబుకు ఒక సెకను పట్టిందంటే మిగతా 0.2 సెకన్లు గేట్‌వే ప్యాకెట్లను ఆపి ఉంచాలి, లేదా వదిలేయాలి. వినియోగదారుడికి ఇది వీడియో మధ్యలో చిన్న ఆటంకంగా కనిపిస్తుంది. రేడియో బృందం సిగ్నల్ బలం చూస్తుంది, అక్కడ ఏమీ దొరకదు. 3జీ రోజుల్లో పెట్టిన కోటా పరిమాణాలను 4జీ వేగాలకు కూడా అలాగే వదిలేసిన చోట ఇలాంటి ఆటంకాలు వస్తాయి, పైగా సీసీఆర్ అప్‌డేట్ల సంఖ్య కూడా అనవసరంగా పెరుగుతుంది. కోటా పెంచితే ఆ బాధ తగ్గుతుంది, కానీ ఒకే ఖాతాను పలువురు పంచుకునే ప్లానుల్లో ఒకరి చేతిలో పెద్ద కోటా చిక్కుకుపోయి మరొకరికి లేదనిపించే ఇబ్బంది మొదలవుతుంది. ఎంత కోటా సరైనదన్న ప్రశ్నకు ప్రమాణంలో జవాబు ఉండదు. అది నెట్‌వర్కు వేగాన్నీ, ఓసీఎస్ స్పందన సమయాన్నీ చూసి నిర్ణయించుకోవాల్సిన విషయం.

కోటా పూర్తిగా అయిపోయినప్పుడు ఓసీఎస్ చివరి యూనిట్లతో పాటు ఏం చేయాలో కూడా చెబుతుంది: సేవ ఆపేయడం, వేరే పేజీకి మళ్లించడం, పరిమిత ప్రవేశం ఇవ్వడం అని మూడు మార్గాలున్నాయి. మళ్లింపు చూడటానికి సులువుగా ఉంటుంది గానీ ఆచరణలో తరచూ తిప్పలు పెట్టేది అదే. డీఎన్ఎస్ ప్రశ్నలు కూడా అయిపోయిన రేటింగ్ గ్రూపులోనే లెక్కకు వస్తున్నట్లయితే బ్రౌజరుకు రీచార్జ్ పేజీ అడ్రసే దొరకదు. దానికి తోడు, గేట్‌వే హెచ్‌టీటీపీ అభ్యర్థనను మళ్లించగలదు గానీ గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్ అభ్యర్థనలో చేయి పెట్టలేదు. ఇప్పుడు ఫోనులోంచి వెళ్లే ట్రాఫిక్‌లో అధిక భాగం అలాంటిదే కాబట్టి, మళ్లింపు మీదే ఆశ పెట్టుకున్న డిజైన్లకు కాలం చెల్లిందని నేను అనుకుంటాను.

క్రెడిట్ అయిపోయిందన్న సంగతి పీసీఆర్ఎఫ్‌కు ఎలా తెలుస్తుంది? దానంతట అది తెలియదు. గేట్‌వే జీవైలో విన్నదాన్ని జీఎక్స్‌లో చెప్పాలంటే, ఔట్ ఆఫ్ క్రెడిట్ అనే ఈవెంట్ ట్రిగ్గరును పీసీఆర్ఎఫ్ ముందే అడిగి ఉండాలి. అడగకపోతే గేట్‌వే చెప్పదు; పీసీఆర్ఎఫ్ దృష్టిలో రూలు ఇంకా చురుగ్గా ఉన్నట్టే ఉంటుంది. జీఎక్స్ ట్రేసు చూసి తమ వైపు అంతా సవ్యంగా ఉందని రాసిన ఇంజనీరు చెప్పింది అబద్ధం కాదు. వారికి కనిపించే ప్రపంచంలో అది నిజమే. క్రెడిట్ తిరిగి వచ్చినప్పుడు చెప్పడానికి కూడా విడిగా మరో ట్రిగ్గర్ ఉంది. మొదటిదాన్ని పెట్టి రెండోదాన్ని మరిచిపోతే, రీచార్జ్ చేసిన తర్వాత కూడా పీసీఆర్ఎఫ్ పాత నిర్ణయాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

రోజుకు ఇంత డేటా దాటితే వేగం తగ్గించాలన్న నియమాలకు ఈ ఖాళీ మరింత అడ్డు. వేగం తగ్గించడం పాలసీ పని, ఎంత వాడారో తెలిసింది చార్జింగ్‌కు. దీనికి మొదట వచ్చిన పరిష్కారం తొమ్మిదో విడుదలలోని యూసేజ్ మానిటరింగ్: మానిటరింగ్ కీ ఇచ్చి, గేట్‌వే చేతనే వాడకాన్ని జీఎక్స్ మీద కూడా రిపోర్టు చేయించుకోవడం. అంటే అవే బైట్లను ఒకే గేట్‌వే రెండు కౌంటర్లలో లెక్కించి, రెండు వేర్వేరు సమయాల్లో, రెండు వేర్వేరు నోడ్లకు చెబుతుంది. ఉచితంగా ఇచ్చే ప్రవాహం ఒక లెక్కలో ఉండి రెండో లెక్కలో లేకపోయినా, రోజు మారే క్షణం రెండు నోడ్లలో కొద్దిగా తేడాగా ఉన్నా, బిల్లులో ఒక సంఖ్య, వేగం తగ్గినప్పుడు వచ్చే ఎస్‌ఎంఎస్‌లో మరో సంఖ్య కనిపిస్తాయి. ఒకే విషయాన్ని రెండు చోట్ల లెక్కించడం కంటే ప్రమాదకరమైన డిజైన్ ఈ రంగంలో నేను చూడలేదు. పదకొండో విడుదలలో వచ్చిన ఎస్‌వై ఇంటర్‌ఫేసు నాకు నచ్చడానికి కారణం ఇదే. లెక్క ఓసీఎస్ దగ్గరే ఉంటుంది. పీసీఆర్ఎఫ్ కొన్ని పాలసీ కౌంటర్ల స్థితి తెలపమని అడుగుతుంది. స్థితి మారగానే ఓసీఎస్ నేరుగా తెలియజేస్తుంది. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. కౌంటర్ పేర్లూ, స్థితుల పేర్లూ ఆపరేటరు ఇష్టానికే వదిలేశారు. ఓసీఎస్ పంపిన స్థితి పేరు పీసీఆర్ఎఫ్‌లోని పట్టికలో ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి, కలవకపోతే వేగం తగ్గదు, ఎర్రరూ రాదు.

మూడో సంభాషణ ఆర్‌ఎక్స్. వోల్టీ కాల్ మొదలైనప్పుడు ఫోను పంపిన ఎస్‌డీపీ (కాల్ వివరాల పట్టిక)లోని ఐపీ అడ్రసు, పోర్టులు, కోడెక్ వివరాలను ఐఎంఎస్‌లోని కాల్ నియంత్రణ నోడ్ అయిన పీసీఎస్‌సీఎఫ్ ఏఏఆర్ అనే సందేశంలో పీసీఆర్ఎఫ్‌కు పంపుతుంది. ఆ పోర్టులు కాల్ వచ్చేవరకు ఎవరికీ తెలియవు కాబట్టి ఇక్కడ ముందుగా రాసిన రూల్సు పనికిరావు. పీసీఆర్ఎఫ్ అప్పటికప్పుడు రూలు తయారు చేసి, జీఎక్స్ మీద ఆర్‌ఏఆర్ అనే సందేశం ద్వారా గేట్‌వేకు ఇస్తుంది, గేట్‌వే క్యూసీఐ 1తో ప్రత్యేక బేరర్ (ఆ కాల్ కోసం విడి డేటా మార్గం) అడుగుతుంది. క్యూసీఐ 1 అంటే హామీ ఉన్న బిట్ రేటు, 100 మిల్లీసెకన్ల ఆలస్య పరిమితి. అయితే ఏ ఏఏఆర్ ఏ డేటా సెషన్‌కు చెందుతుందో పీసీఆర్ఎఫ్ ఐపీ అడ్రసును బట్టే గుర్తించాలి. ఐపీవీ6లో జీఎక్స్ మీద గేట్‌వే చెప్పేది 64 బిట్ల ప్రిఫిక్స్, ఆర్‌ఎక్స్ మీద పీసీఎస్‌సీఎఫ్ చెప్పేది పూర్తి 128 బిట్ల అడ్రసు. రెంటినీ అక్షరాలా పోల్చితే ఎప్పటికీ కలవవు. ప్రిఫిక్సులో అడ్రసు ఇమిడి ఉందో లేదో చూడాలి. ఐపీవీ4లో ఇబ్బంది మరో రకం: వేర్వేరు గేట్‌వేల కింద ఒకే ప్రైవేటు అడ్రసు ఇద్దరికి ఉండవచ్చు, అందుకే ఐపీ డొమైన్ ఐడీ అవసరం పడింది. పీసీఆర్ఎఫ్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉన్న నెట్‌వర్కులో జీఎక్స్ సెషన్ ఏ పీసీఆర్ఎఫ్ దగ్గర ఉందో ఆర్‌ఎక్స్ కూడా అక్కడికే చేరాలి. ఆ పని డయామీటర్ సందేశాలకు దారి చూపే డీఆర్‌ఏ చేయాలి. డీఆర్‌ఏ గుర్తు తప్పితే ఏఏఆర్ వేరే పీసీఆర్ఎఫ్‌కు వెళ్లి, 5065 ఫలితంతో, అంటే ఆ సెషన్ ఇక్కడ లేదన్న జవాబుతో తిరిగి వస్తుంది. ఈ కోడు కనిపించినప్పుడు పీసీఆర్ఎఫ్‌ను తప్పుపట్టే ముందు డీఆర్‌ఏలోని బైండింగ్ పట్టికను (ఏ సెషన్ ఏ పీసీఆర్ఎఫ్ దగ్గర ఉందో రాసుకునేది) చూడటం మంచిది.

5065 వస్తే ఒకరకంగా అదృష్టమే, లోపం ఉందని అయినా తెలుస్తుంది. అంతకంటే ఇబ్బందికరమైనది, ఎప్పుడో ముగిసిన సెషన్ పీసీఆర్ఎఫ్‌లో మిగిలిపోవడం. ముగింపు సీసీఆర్ దారిలో పోయినప్పుడు గేట్‌వే ఆ ఐపీ అడ్రసును మరొకరికి ఇస్తుంది, పీసీఆర్ఎఫ్‌లో మాత్రం పాత యజమాని రికార్డు బతికే ఉంటుంది. కొత్త వినియోగదారుడి కాల్‌కు వచ్చిన ఏఏఆర్ పాత సెషన్‌తో జతపడితే, పీసీఆర్ఎఫ్ పంపే ఆర్‌ఏఆర్ గేట్‌వేలో ఇప్పుడు లేని ఆ సెషన్ పేరుతో వెళ్లి, 5002తో, అంటే ఆ సెషన్ ఐడీ తెలియదన్న జవాబుతో వెనక్కి వస్తుంది. ఇలాంటి మిగులు సెషన్లను క్రమం తప్పకుండా ఏరివేయడం మీద ఆపరేషన్స్ బృందాలు పెట్టే శ్రద్ధ నాకు ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుంది.

అన్నీ సరిగ్గా జతపడినా ఆర్‌ఏఆర్‌కు జవాబుగా వచ్చే ఆర్‌ఏఏలో 2001 చూసి బేరర్ ఏర్పడిందనుకోవడం తొందరపాటు. గేట్‌వే రూలును అంగీకరించిందని మాత్రమే దాని అర్థం. బేస్ స్టేషన్‌లో వనరులు లేకపోతే ఆ వైఫల్యం తర్వాత వచ్చే సీసీఆర్ అప్‌డేట్‌లో రూలు వైఫల్య కోడుగా కనిపిస్తుంది. పీసీఎస్‌సీఎఫ్ ముందే అడిగి ఉంటేనే ఆ కబురు ఆర్‌ఎక్స్ మీదుగా దానికి చేరుతుంది. అడగకపోతే ఫోను మోగుతుంది, ఎత్తుతారు, స్వరం మాత్రం డిఫాల్ట్ బేరర్ మీద తడబడుతూ నడుస్తుంది. ఇక ఒకే క్షణంలో గేట్‌వే నుంచి సీసీఆర్, పీసీఆర్ఎఫ్ నుంచి ఆర్‌ఏఆర్ బయలుదేరి ఎదురుపడితే ఎవరి స్థితి తాజాది అన్న పేచీ ఉండేది. 4144 అనే పెండింగ్ లావాదేవీ కోడు దానికోసమే తర్వాత వచ్చింది, రెండు వైపులా ఆ ఫీచరు ఉన్నట్టు చెప్పుకున్నప్పుడే అది పనిచేస్తుంది.

నోడ్లు కుంగినప్పటి ప్రవర్తన గురించి క్లుప్తంగా చెబుతాను. ఓసీఎస్ జవాబివ్వకపోతే గేట్‌వే ఎంతసేపు ఆగాలో చెప్పే టీఎక్స్ టైమరుకు ఆర్‌ఎఫ్‌సీ సిఫారసు 10 సెకన్లు. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పే సెట్టింగులో ఏమీ రాయకపోతే సెషన్ ముగించాలన్నదే డిఫాల్ట్. కొనసాగించమని రాస్తే లెక్కలేని డేటా వెళుతుంది, ముగించమంటే లక్షల సెషన్లు తెగి, ఆ ఫోన్లన్నీ ఒకేసారి మళ్లీ అటాచ్ కావడానికి వస్తాయి. రెండోది చూడటానికి ఆదాయాన్ని కాపాడినట్టుంటుంది గానీ, అప్పటివరకు బాగానే ఉన్న పీసీఆర్ఎఫ్ కూడా ఆ తుఫానులో మునుగుతుంది. స్వల్పకాలం కొనసాగించి, వాడకాన్ని ఆఫ్‌లైన్ రికార్డుల ద్వారా తర్వాత సరిచేసుకోవడమే తెలివైన పని అని నా ఉద్దేశం. కోటాల చెల్లుబాటు సమయం కూడా ఇలాంటి తుఫానుకు దారి తీస్తుంది: ఓసీఎస్ తిరిగి లేచినప్పుడు అందరికీ ఒకేసారి 3600 సెకన్ల గడువు ఇస్తే, సరిగ్గా గంట తర్వాత అందరూ ఒకేసారి తిరిగి వస్తారు. గడువుకు కొద్దిపాటి యాదృచ్ఛిక తేడా కలిపితే సరిపోతుంది.

5జీలో పేర్లు మారాయి. పీసీఆర్ఎఫ్ పీసీఎఫ్ అయింది, గేట్‌వేలోని నియంత్రణ భాగం ఎస్‌ఎంఎఫ్‌కు వెళ్లింది, పదిహేనో విడుదలలో ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ చార్జింగ్‌లు సీహెచ్‌ఎఫ్ అనే ఒకే ఫంక్షన్ కిందికి వచ్చాయి, డయామీటర్ స్థానంలో హెచ్‌టీటీపీ/2 మీద జేసన్ వచ్చింది. డీఆర్‌ఏ చేసిన బైండింగ్ పని బీఎస్‌ఎఫ్‌కు దక్కింది. సందేశాలు కంటితో చదవగలిగే రూపంలో ఉండటం పెద్ద సౌకర్యమే. కానీ ఎస్‌ఎంఎఫ్ ఒక పక్క పీసీఎఫ్‌తో ఎన్7 మీద, మరో పక్క సీహెచ్‌ఎఫ్‌తో ఎన్40 మీద మాట్లాడే అమరిక అలాగే ఉంది, ఎస్‌వై పనిని ఎన్28 చేస్తోంది, రేటింగ్ గ్రూపు సంఖ్యకు అర్థం ఇప్పటికీ రెండు బృందాల కాన్ఫిగరేషన్లలోనే ఉంది. సీహెచ్‌ఎఫ్ నుంచి హెచ్‌టీటీపీ 200 వచ్చిందని సంతోషించే ముందు, జవాబు లోపల ఆ రేటింగ్ గ్రూపుకు ఉన్న ఫలితం కోటా పరిమితి చేరిందని చెబుతోందేమో చూడాలి.